కుప్పం వర్సిటీకి ప్రొఫెసర్లు రావాలంటే ఏం చేయాలి? సరిహద్దు ఊరి కష్టాలేంటి.. మదనపల్లె చెప్పే పాఠమేంటి?

మూడు రాష్ట్రాలు కలిసే చోట యూనివర్సిటీ పెట్టారు. స్థలం ఉంది, భవనాలున్నాయి, ఊళ్లో రైల్వే స్టేషన్ ఉంది. కానీ ఏ వర్సిటీకైనా అసలు బలం పాఠం చెప్పేవాళ్లు, రీసెర్చ్ చేయించేవాళ్లే. పెద్ద నగరం వదిలి వాళ్లు చిన్న ఊరికి ఎందుకు రావాలి? వచ్చినా ఎందుకు ఉండిపోవాలి? కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం లాంటి సంస్థలన్నింటి ముందూ ఉన్న ప్రశ్న ఇదే. వివరంగా చూద్దాం.

ముఖ్యాంశాలు

- అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం ఎక్కడైనా ఒకటే. ఇంటద్దె భత్యం మాత్రం చిన్న ఊళ్లో తక్కువ
- ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయితే 8 మంది దాకా పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్ లేనట్టే
- వందేళ్ల కిందటే మదనపల్లెకు ఐర్లాండ్ నుంచి, డెన్మార్క్ నుంచి వచ్చి పనిచేసినవాళ్లున్నారు

అసలేంటీ ద్రావిడ విశ్వవిద్యాలయం?

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి దీన్ని ఏర్పాటు చేసింది. తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాల సహకారం కూడా ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళంతో పాటు తుళు లాంటి భాషలనూ, లిపి లేని గిరిజన భాషలనూ కలిపి చదవాలన్నదే ఆలోచన. క్యాంపస్ పేరు శ్రీనివాసవనం. తొలి వైస్ ఛాన్సలర్ గణిత శాస్త్రవేత్త పి.వి.అరుణాచలం. భాషా శాఖలతో మొదలై, తర్వాత సైన్స్, కామర్స్ లాంటి కోర్సులూ వచ్చాయి.

1989 నుంచి కుప్పం ఎమ్మెల్యేగా ఉన్న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే ఈ వర్సిటీ వచ్చింది. ఇదే ఊళ్లో పీఈఎస్ మెడికల్ కాలేజీ, ఆస్పత్రి, ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉన్నాయి. అంటే చిన్న పట్టణమే అయినా చదువుల ఊరుగా పెరుగుతోంది.

మరి రావడానికి ఇబ్బందేంటి?

ముందు జీతం సంగతి చూద్దాం. యూజీసీ ఏడో వేతన స్కేలు ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 1,31,400, ప్రొఫెసర్‌కు 1,44,200. ఇంతవరకూ ఎక్కడైనా ఒకటే.

తేడా ఇంటద్దె భత్యం దగ్గర వస్తుంది. దాన్ని ఊరి జనాభాను బట్టి లెక్కకడతారు. కేంద్ర ప్రభుత్వ లెక్కలో బెంగళూరు లాంటి మహానగరానికి 30 శాతం, చిన్న ఊళ్లకు 10 శాతం. అంటే 57,700 మీద ఒకచోట 17,310 రూపాయలు, ఇంకోచోట 5,770. నెలకు 11,540 తేడా. రాష్ట్ర వర్సిటీల్లో శాతాలు వేరు, సూత్రం మాత్రం అదే. చిన్న ఊళ్లో అద్దె తక్కువే, నిజమే. కానీ పిల్లల చదువు కోసం కుటుంబాన్ని బెంగళూరులోనో తిరుపతిలోనో ఉంచితే రెండు ఇళ్ల ఖర్చు మీద పడుతుంది. భత్యం మాత్రం చిన్న ఊరి లెక్కే.

రెండోది, ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం. ఇప్పుడు చాలా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ చదువుకున్నవాళ్లే. ఒకరికి వర్సిటీలో పోస్టు వచ్చినా, రెండోవారికి ఆ ఊళ్లో తగిన పని దొరక్కపోతే ఆ కుటుంబం రాదు.

మూడోది, పోటీ. తిరుపతిలో 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. అనంతపురంలో 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. కేంద్ర వర్సిటీల్లో 65 ఏళ్ల వరకూ సర్వీసు ఉంటుంది. ఇక వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో బెంగళూరు ప్రైవేటు యూనివర్సిటీలు ఎలాగూ ఉన్నాయి.

నాలుగోది, నియామకాల్లో ఆలస్యం. 2023లో రాష్ట్ర వర్సిటీలన్నింటికీ కలిపి 3,220 బోధనా పోస్టుల భర్తీకి ప్రభుత్వం సిద్ధమైంది. అందులో 2,001 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు. ఆ ప్రక్రియ కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక మంచి అభ్యర్థికి ఎందుకుంటుంది? వేరే చోట చేరిపోతారు.

సరిహద్దు వర్సిటీకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక రాష్ట్రం ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ, బీసీ సర్టిఫికెట్ మామూలుగా ఇంకో రాష్ట్ర ప్రభుత్వ పోస్టుల రిజర్వేషన్‌కు పనికిరాదు. సరిహద్దు దాటి కాస్త దూరంలోని కృష్ణగిరి నుంచో, కేజీఎఫ్ నుంచో వచ్చే దళిత స్కాలర్ ఇక్కడ ఓపెన్ కేటగిరీలోనే పోటీపడాలి. మూడు భాషల వర్సిటీకి ఇది చిన్న విషయం కాదు.

పోస్టు ఖాళీ అయితే నష్టం ఎవరికి?

విద్యార్థికే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి పీహెచ్‌డీ గైడ్‌గా ఉండొచ్చు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్ల లోపు ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. అంటే ప్రొఫెసర్ రిటైరయ్యే రోజుకు మూడేళ్ల ముందే కొత్త సీట్లు ఆగిపోతాయి.

గెస్ట్ లెక్చరర్లతో క్లాసులు నడుస్తాయి. వాళ్లకు క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వాలని 2019లో యూజీసీ చెప్పింది. కానీ గెస్ట్‌గా ఉన్నవాళ్లు రీసెర్చ్ గైడ్ కాలేరు. తిరుపతికో బెంగళూరుకో పంపించే స్తోమత లేని ఇంటి ఆడపిల్లకు దగ్గర్లోని వర్సిటీయే దిక్కు. అక్కడ గైడ్ లేకపోతే ఆమె చదువు ఎంఏతోనే ఆగిపోతుంది.

చిన్న ఊరికి పెద్దవాళ్లు రారా? మదనపల్లె ఏం చెబుతోంది?

వస్తారు. వచ్చారు కూడా. కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు దాటి వెళితే మదనపల్లె. అక్కడ 1915లో అనీబిసెంట్ చొరవతో కాలేజీ మొదలైంది. అదే బీటీ కాలేజీ. ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపల్‌గా పనిచేశారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికొచ్చి కొన్నాళ్లున్నారు. జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించింది అక్కడే. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట స్వరాలను రాసిపెట్టారు.

ఆ ఊరి పక్కనే ఆరోగ్యవరం టీబీ శానిటోరియం. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. దేశంలో బీసీజీ టీకాల పని మొదట్లోనే ప్రారంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948 నాటి మాట. ఇక రిషివ్యాలీ స్కూల్‌లో టీచర్లు క్యాంపస్‌లోనే కాపురముంటారు.

వీళ్లెవరూ ఊరి సౌకర్యాలు చూసి రాలేదు. చేయదగ్గ పని ఉంది, ఉండటానికి చోటుంది, మాట్లాడుకోవడానికి సాటివాళ్లున్నారు. ఈ మూడూ కుదిరితే ఊరి సైజు అడ్డు కాలేదు.

కుప్పం ఏం చేయొచ్చు?

- సరిహద్దునే బలంగా చూపించాలి: తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే ఊరిది. భాషల మీద పనిచేసేవాళ్లకు గేటు దాటితే చాలు, రీసెర్చ్ మొదలైనట్టే. కంప్యూటర్‌కు మన భాషలు నేర్పే పనికి ఇప్పుడు గిరాకీ ఉంది. ద్రావిడ, గణన భాషాశాస్త్ర శాఖ ఇక్కడే ఉంది, బెంగళూరు కంపెనీలు దగ్గరే.
- క్వార్టర్స్, స్కూల్: ఆర్డర్ చేతికిచ్చే రోజే ఇంటి తాళం కూడా ఇవ్వగలగాలి. మంచి స్కూల్ ఒక్కటి ఉన్నా కుటుంబం కదులుతుంది.
- దంపతులకు కలిపి అవకాశం: వర్సిటీ, మెడికల్ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ మూడూ ఖాళీల సమాచారం పంచుకుంటే రెండో ఉద్యోగం దొరికే వీలుంది.
- ఏటా ఒకే నెలలో నోటిఫికేషన్: పది పోస్టులైనా సరే, టైంకి జరిగితే నమ్మకం కలుగుతుంది.
- ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్: 2022లో యూజీసీ తెచ్చిన పద్ధతి. పీహెచ్‌డీ లేకున్నా అనుభవజ్ఞులను మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా తీసుకోవచ్చు. ఇది అదనపు సాయమే, రెగ్యులర్ పోస్టులకు బదులు కాదు.
- మనవాళ్లను వెనక్కి పిలవాలి: కుప్పం, పుంగనూరు, మదనపల్లె నుంచి వెళ్లి బెంగళూరు, చెన్నైలో పాఠాలు చెబుతున్నవాళ్లకు ఇక్కడ అమ్మానాన్నలున్నారు, ఇల్లుంది. వాళ్లకు నోటిఫికేషన్ సంగతి తెలిసేలా చేసినా సగం పని అయినట్టే.

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. కరవు ప్రాంతానికి నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. ప్రొఫెసర్లను రప్పించడానికి కాలువ తవ్వక్కర్లేదు. టైంకి నోటిఫికేషన్, ఉండటానికి ఇల్లు, చేయడానికి పని ఇస్తే చాలు.