మాక్స్‌ముల్లర్ రికార్డు: ఒక ఆడిట్ అభ్యంతరం

ఇందిరాపురంలో కాలనీల పేర్లు ఘనంగా ఉంటాయి. జ్ఞానఖండ్, న్యాయఖండ్, నీతిఖండ్, అహింసాఖండ్. నేనుండేది జ్ఞానఖండ్‌లో. ఫ్లాటు ధర అందుబాటులో ఉందని చేరానే తప్ప జ్ఞానం కోసం కాదు లెండి.

ఇక్కడి తెలుగువాళ్ళం అయిదారుగురం నెలకో ఆదివారం ఒక మిత్రుడి ఇంట్లో చేరతాం. ఆయన దగ్గర వాళ్ళ నాన్నగారి నాటి కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె ఉంది. పాత లక్క రికార్డులున్నాయి, ఎల్పీలు ఆడించే మిషనూ ఉంది. ఢిల్లీ మీనా బజారులో పాత రికార్డులు ఏరుకొచ్చే అలవాటు ఆయనకీ ఉంది, నాకూ ఉంది. ఘంటసాల, ద్వారం వెంకటస్వామినాయుడు, పాత నాటక పద్యాలు. ఒకాయనకి కపిలవాయి గొంతు ప్రాణం, ఇంకొకాయనకి బాలసరస్వతీదేవి. కాఫీ తాగుతూ వాదించుకుంటాం. మధ్యాహ్నం హాయిగా గడిచిపోతుంది.

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం మా ఆతిథేయి ఫోను తీసి వాట్సాప్‌లో వచ్చిన కథ ఒకటి చదివి వినిపించారు. మీలో చాలామందికి ఇది వచ్చే ఉంటుంది. నాకైతే ఏళ్ళ క్రితమే ఈమెయిల్లో వచ్చింది. కథ ఇదీ. గ్రామఫోను కనిపెట్టిన ఎడిసన్ మొట్టమొదటి రికార్డు మీద ఒక మహాపండితుడి గొంతు ఉండాలనుకున్నాడట. జర్మనీలో ఉన్న మాక్స్‌ముల్లర్‌కి కబురు పెట్టాడట. పెద్ద సభలో ముల్లర్ ఋగ్వేదంలోని మొదటి సూక్తం చదివాడట. ఎవరికీ అర్థం కాకపోతే, ఇది ప్రపంచంలోకెల్లా ప్రాచీన గ్రంథమని ఆయనే వివరించాడట. ఇదంతా హెచ్‌ఎంవీ కంపెనీ ఒక కరపత్రంలో ప్రచురించిందట.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, "దీనికి ఆధారం ఏమిటండీ?" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. మా ఆతిథేయి ముఖం చిన్నబుచ్చుకుని, "మీకు పాటకి కూడా వోచరు కావాలాండీ? మేం వినడానికి చేరతాం, ఆడిట్ చేయించుకోడానికి కాదు" అన్నారు. తరవాతి నెల నాకు ఫోను రాలేదు.

నేను మూడు దశాబ్దాలకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేశాను. బిల్లు ఎంత పెద్ద ఆఫీసరు పంపినా, ఒరిజినల్ వోచరు జతపరచకపోతే పాస్ చేయకూడదని నేర్చుకున్నవాణ్ణి. ఫోను రాకపోతే బాధ వేసిన మాట నిజం. అయినా కూర్చుని ఆ కథకి అబ్జెక్షన్లు రాసుకున్నాను. చూడండి.

ఒకటి. ఎడిసన్ 1877లో చేసింది ఫొనోగ్రాఫు. తిరిగే స్తూపం చుట్టూ తగరపు రేకు చుట్టి, దాని మీద ముల్లుతో గొంతు గీసే యంత్రం. బల్లపరుపు బిళ్ళ మీద రికార్డు చేసే గ్రామఫోను ఎమిల్ బెర్లినర్‌ది. దాని పేటెంటు 1887లో. కథలో ఇద్దరినీ ఒకడిగా చేసేశారు.

రెండు. ఎడిసన్ తన యంత్రంలో తొలిసారి పలికింది మేరీ అనే పాప గొర్రెపిల్ల గురించిన పిల్లల పాట. 1877 చివర, న్యూజెర్సీలోని మెన్లో పార్కు పనిశాలలో. మహాసభ లేదు, మహాపండితుడు లేడు. ఆ మాటకొస్తే ఎడిసన్ కూడా మొదటివాడు కాదు. ఫ్రాన్సులో స్కాట్ ద మార్తెంవీల్ అనే ఆయన 1860లోనే మసి పట్టించిన కాగితం మీద పాట అలలు గీయించాడు. తిరిగి వినిపించడం ఆయన వల్ల కాలేదు. 2008లో కంప్యూటరు సాయంతో అమెరికా పరిశోధకులు ఆ కాగితాన్ని పాడించారు.

మూడు. లండన్‌లో గ్రామఫోను కంపెనీ పుట్టింది 1898లో. కుక్క బొమ్మని అది ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడి దగ్గర 1899లో కొన్నది. ఆయన మొదట కుక్క ముందు ఫొనోగ్రాఫు వేశాడు. కంపెనీ దాన్ని చెరిపించి తమ గ్రామఫోను వేయించుకుంది. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి 50 పౌన్లు ఇచ్చారు. ఆ కంపెనీ లేబుళ్ళ మీదికి కుక్క 1909లో ఎక్కింది. అంతకు ముందు దేవదూత బొమ్మ ఉండేది. మాక్స్‌ముల్లర్ పోయింది 1900 అక్టోబరు 28న. ఇక హెచ్‌ఎంవీ ఆయన గొంతుని మొదటి రికార్డుగా ఎప్పుడు తీసినట్టు?

నాలుగు. ముల్లర్ పుట్టింది జర్మనీలోనే గాని, 1848 నుంచీ ఆక్స్‌ఫర్డ్‌లో కాపురం. ఉద్యోగమూ అక్కడే, చావూ అక్కడే. జర్మనీకి కబురు పెడితే ఉత్తరం తిరిగి వచ్చేది.

అయిదు. అసలు వోచరు ఏదీ? కరపత్రం ఏ సంవత్సరానిది, ఎవరు అచ్చు వేశారు, రికార్డు నంబరెంత? రికార్డుల వ్యాపారమంతా నంబర్ల మీదే నడిచింది. ప్రతి రికార్డుకీ లేబులు మీద కేటలాగు నంబరు, లేబులు పక్కన ఖాళీ జాగాలో అచ్చుదిమ్మ నంబరు ఉంటాయి. నంబరు లేని రికార్డు అంటే పద్దు లేని ఖర్చు.

ముల్లర్ జన్మలో ఎప్పుడూ ఏ యంత్రం ముందూ నోరు విప్పలేదని నేను అనడం లేదు. అది రుజువు చేయడం నా పనీ కాదు. "ఇదే మొదటి రికార్డు" అన్నవాళ్ళు రుజువు చూపాలి. పైగా ఆయనకి ఈ అరువు కీర్తి అవసరం లేదు. సాయణభాష్యంతో సహా ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా పరిష్కరించి అచ్చు వేయించిన మనిషి. దానికి ఆధారం గ్రంథాలయాల్లో ఉంది.

"పోనిద్దురూ, మన వేదం గొప్ప చెప్పే చిన్న కథ. ఎవరికి నష్టం?" అంటారు చాలామంది. నష్టం ఉందనే ఈ వ్యాసం. లెడ్జరులో దొంగ ఎంట్రీ పడితే, ఆ గడిలో పడాల్సిన నిజమైన ఎంట్రీ పోతుంది. మన దేశంలో నిజంగా మొదట పాడినవాళ్ళెవరో చూద్దాం.

1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చాడు. నవంబరు 8న శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు థియేటరు అమ్మాయిల చేత పాడించాడు. నవంబరు 11న గౌహర్ జాన్ వచ్చింది. అప్పటికి మైకులు లేవు. పెద్ద గొట్టంలో ముఖం పెట్టి గొంతెత్తి పాడాలి. మూడు నిమిషాల్లో ముగించాలి. చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్ళకి ఎవరు పాడారో తెలియాలిగా! కలకత్తాలో అచ్చువేసే ఫ్యాక్టరీ 1908లో గాని రాలేదు.

ఇక్కడ నా మీద నేనే ఒక అబ్జెక్షన్ వేసుకోవాలి. రికార్డు మీదికెక్కిన తొలి భారతీయ గొంతు గౌహర్ జాన్‌దేనని నేను ఎన్నో చోట్ల చెప్పాను. తప్పు. కలకత్తాలోనే ఆమెకి మూడు రోజుల ముందు ఆ ఇద్దరమ్మాయిలు పాడారు. అంతకు ముందే, 1899లో, లండన్‌లో ఉన్న కొందరు భారతీయుల చేత కంపెనీ కొన్ని చిన్న రికార్డులు చేయించింది. ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కిన్నియర్ అనే ఆయన కంపెనీ పద్దులన్నీ తిరగేసి ఒక పుస్తకమే వేశాడు. నచ్చిన కథ కదా అని నేనూ వోచరు అడగలేదు. తేడా ఏమిటంటే, పుస్తకం చూశాక దిద్దుకున్నాను.

గైస్‌బర్గ్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాశాడు. పరువుగల ఇళ్ళ ఆడవాళ్ళు పాడడానికి రారు, వచ్చేది వృత్తి గాయనులేనని. అందుకే మన తొలి రికార్డుల్లో వినబడే ఆడగొంతులు చాలామటుకు తవాయిఫులవి, దేవదాసీలవి, మన వైపు చెప్పుకోవాలంటే కళావంతులవి. తరవాత్తరవాత కుటుంబ స్త్రీలు పాడడం మొదలయ్యాక, మేం ఆ కోవ కాదని తెలియజేయడానికి కొన్ని లేబుళ్ళ మీద పేరు పక్కన 'అమెచ్యూర్' అని అచ్చు వేయించుకునేవారు. ఆ చిన్న మాటలో ఎంత కులం, ఎంత భయం ఉందో చూడండి.

దక్షిణాదిన అలా పాడినవాళ్ళలో బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) ఒకరు. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని వెతికి పట్టుకుని, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా ఉంది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించింది కూడా ఆవిడే, సొంత సొమ్ముతో.

హేతువాదులం మనం ఇక్కడ ఒక చేదు నిజం మింగాలి. ముద్దుపళని కావ్యం ఆడవాళ్ళు వినదగనిదని ముందుగా తీర్పు చెప్పింది మనం నెత్తిన పెట్టుకునే కందుకూరి వీరేశలింగంగారే, కవుల చరిత్రలో. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అన్న ధోరణిలో నాగరత్నమ్మ తన పీఠికలో ఎదురు ప్రశ్న వేసింది. వితంతు వివాహాల విషయంలో పంతులుగారు గొప్పవారే. ఈ పద్దులో మాత్రం అబ్జెక్షన్ న్యాయంగా ఆవిడదే నిలుస్తుంది. మనవాళ్ళని వదిలేసి ఎదుటివాళ్ళనే ఆడిట్ చేస్తే అది ఆడిట్ కాదు, కక్ష.

విదేశీ పండితుడు మనని మెచ్చుకున్నాడని చెప్పుకోవాలని ఉబలాటమైతే దానికి నిజమైన ఉదాహరణే ఉంది. కోయంబత్తూరు తాయి (1872-1917) అనే దేవదాసి పాడిన రికార్డు విని ఫ్రెంచి స్వరకర్త మోరిస్ దెలాజ్, రవెల్ శిష్యుడు, ముగ్ధుడైపోయాడు. 1912లో మన దేశం వచ్చాడు. ఆ రికార్డులోని పాట ఆధారంగా 'రాగమాలిక' అనే రచన చేశాడు. మన మద్దెల శబ్దం రావడానికి పియానో తీగకి అట్టముక్క అడ్డం పెట్టమన్నాడు. రికార్డుంది, ఫ్రాన్సులో అచ్చైన స్వరాలున్నాయి, అన్నిటికీ వోచర్లున్నాయి. కాని ఈ కథ వాట్సాప్‌లో రాదు. ఎందుకంటే ఇందులో పండితుడూ లేడు, వేదమూ లేదు. ఉన్నది ఒక దేవదాసి గొంతు.

నాస్తికుణ్ణి కదా, మరి ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఎందుకు దాచుకున్నావని నన్ను అడుగుతుంటారు. ఆయన చివరి రోజుల్లో పాడిన ఆ గొంతు కోసం దాచుకున్నాను. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు వేసిన పుష్పవిలాపం నా చెవిలో ఇప్పటికీ ఉంది. పాటని ప్రేమించడానికి నమ్మకం అక్కర్లేదు. పాట గురించి అబద్ధం అసలే అక్కర్లేదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు దశాబ్దాలపాటు వేలకొద్దీ 78 రికార్డులు పోగుచేసి, ఎవరు రాశారు, ఎవరు పాడారు అని పట్టుబట్టి రాశారు. ప్రేమంటే అదీ అని నా అభిప్రాయం.

ఇంతకీ మా ఆదివారం సంగతి. రెండు నెలలు చూసి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. పై అయిదు అబ్జెక్షన్లూ కాగితం మీద పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఒక పాత రికార్డు తెచ్చారు. లేబులు సగం ఊడిపోయింది. 'మిస్' అన్న మాట ఉంది, పేరు లేదు. ఎవరో ఆవిడ పాడిన జావళి. "ఇది మా నాన్నగారిది. భోగంవాళ్ళ పాట ఇంట్లో వినపడకూడదని మా నాయనమ్మ గొడవ చేసేదట. అందుకని తలుపులేసుకుని వినేవారు" అన్నారు. కీ ఇచ్చి, ముల్లు మార్చి వేశారు. గరగరల మధ్య ఒక గొంతు, ఎంత నిబ్బరంగా ఉందో!

పాట అయ్యాక రికార్డుని దీపం కిందికి తీసుకెళ్ళి, లేబులు పక్కన చెక్కిన నంబరు చూసి చీటీ మీద రాసుకున్నాను. ఆయనే ఒక నోటుబుక్కు తెచ్చి, "ఇందులో రాయండి. మిగతావీ రాద్దాం" అన్నారు. ఇప్పుడు నెలకో పదేసి రికార్డుల చొప్పున పద్దు రాస్తున్నాం. నంబరు, పాట, పాడినవారు, పేరు పోయిందైతే పేరు పోయిందని.

మీ ఇళ్ళల్లో అటక మీద పాత రికార్డులుంటే పాత సామాన్లవాడికి వేసేముందు నంబరూ పేరూ రాసుకోండి. ఏదో ఒక లెడ్జరులో ఆ గడి ఖాళీగా ఉండి ఉంటుంది. ఎవరి దగ్గరైనా మాక్స్‌ముల్లర్ రికార్డు నంబరుంటే అదీ పంపండి. అచ్చుదిమ్మ నంబరుతో సహా పంపితే బహిరంగంగా నా అబ్జెక్షన్ ఉపసంహరించుకుంటాను. అప్పటిదాకా ఆ బిల్లు పెండింగే.