కారు నెత్తిన అక్షరాలు

1960ల తొలి ఏళ్లలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, బెన్సన్ వైమానిక స్థావరంలో ఒక వింత పరీక్ష జరిగింది. మైదానంలో మెట్లుమెట్లుగా కట్టిన వేదిక మీద కొందరిని కూర్చోబెట్టారు. దూరం నుంచి ఒక కారు వాళ్ల వైపు వచ్చేది. దాని నెత్తిన ఊరిపేర్లు రాసిన బోర్డు. ఆ పేరు ఎంత దూరాన ఉండగా చదవగలిగారన్నది లెక్క. బరిలో ప్రధానంగా ఉన్నవి రెండు రకాల అక్షరాలు. ఒకటి జాక్ కిన్నీర్, ఆయన దగ్గర చదువుకుని తర్వాత ఆయనతోనే పనిచేసిన మార్గరెట్ కాల్వర్ట్ కలిసి గీసినది: కొనలు సాదాగా ఉండి, పేరులో మొదటిది మాత్రమే క్యాపిటల్, మిగతావన్నీ స్మాల్ లెటర్లు. రెండోది ఎరిక్ గిల్ దగ్గర రాతి మీద అక్షరాలు చెక్కడం నేర్చిన డేవిడ్ కిండర్‌స్లీది: కొనలకు సెరిఫ్‌లు, అన్నీ క్యాపిటల్సే. పరీక్షలో కిండర్‌స్లీ అక్షరాలు సుమారు 3 శాతం ఎక్కువ దూరం నుంచి చదవగలిగేవిగా తేలాయి. అయినా బ్రిటన్ రోడ్ల మీదకు వచ్చినవి కిన్నీర్, కాల్వర్ట్‌ల అక్షరాలే. 1965 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ బోర్డులే దాదాపు అదే రూపంలో నేటికీ అక్కడ నిలబడి ఉన్నాయి.

గ్రాఫిక్ డిజైన్ చదివేవాళ్లకు పరిశోధన గురించి ఏదైనా ఒక్క కథ చెప్పాల్సి వస్తే నేను దీన్నే ఎంచుకుంటాను. ఇది పరిశోధన గెలిచిన కథా, ఓడిన కథా అన్నది ఒక పట్టాన తేలదు కాబట్టి. ఈనాడు డిజైన్ కళాశాలల్లో ప్రాజెక్టు అనగానే ఒక వరస స్థిరపడిపోయింది. మొదటి కొన్ని వారాలు ‘రీసెర్చ్’: ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు, నలుగురైదుగురితో మాటలు, ఒక మూడ్ బోర్డు, ఒక లావుపాటి ఫైలు. ఆ ఫైలు మూసేశాక అసలు పని: పోస్టరో, లోగోనో, పుస్తకమో. జ్యూరీ ముందు రెండూ కలిపి పెడతారు కానీ, వాటిని కలిపి ఉంచేది చాలాసార్లు స్పైరల్ బైండింగ్ ఒక్కటే. విద్యార్థులు బద్ధకస్తులు కావడం వల్ల ఇలా జరుగుతోందని నేను అనుకోను. ఈ విడదీతకు ఒక చరిత్ర ఉంది. వృత్తి తనంతట తాను ఎదిగిన క్రమంలో పరిశోధన గీతలో భాగంగానే ఉండేది. దాన్ని విడి కాగితాల్లోకి తీసుకుపోయింది తరగతి గది.

కిన్నీర్ చేసిన పరిశోధన బెన్సన్ మైదానంలో మొదలు కాలేదు. 1957లో సర్ కాలిన్ ఆండర్సన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం కొత్త మోటార్‌వేల బోర్డుల పని ఆయనకు అప్పగించింది. అప్పటికి బ్రిటన్ రోడ్ల మీద సంకేతాలు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టినవి: మోటారు సంఘాలవి కొన్ని, స్థానిక సంస్థలవి కొన్ని. ఆ గందరగోళాన్ని హెర్బర్ట్ స్పెన్సర్ 1961లో తన ‘టైపోగ్రాఫికా’ పత్రికలో లండన్ మార్బుల్ ఆర్చ్ నుంచి విమానాశ్రయం దాకా దారిపొడుగునా తీసిన ఫొటోలతో చూపించాడు. వాదన అంతా ఆ ఫొటోల వరసలోనే ఉంది. కిన్నీర్ వేసుకున్న ప్రశ్న ఇంకా చిన్నది: వేగంగా పోతున్న బండిలో కూర్చున్న నాకు ఈ బోర్డు నుంచి ఏం కావాలి? ఈ ప్రశ్న నుంచి పుట్టిన జవాబులు ఏ నివేదికలోనో రాసినవి కావు, బోర్డు ఒంట్లోనే ఉన్నాయి. కూడలిని పటంలా గీసి, పెద్ద రోడ్డుకు మందపు గీత, చిన్న రోడ్డుకు సన్నపు గీత ఇవ్వడం ఒక జవాబు. చీకట్లో దీపాల వెలుగు పడితే ముదురు రంగు మీది తెల్ల అక్షరం ఉబ్బినట్టు కనబడుతుంది కనుక దానికి కాస్త సన్నని రూపం, తెలుపు మీది నల్ల అక్షరానికి మందపు రూపం గీయడం మరో జవాబు. అన్నిటికన్నా నాకు నచ్చేది మూడోది. బోర్డు తయారుచేసే పనివాడు అక్షరాల మధ్య ఎడాన్ని కంటితో అంచనా వేయగల నిపుణుడు కాకపోవచ్చు. అందుకని ఒక్కో అక్షరాన్ని దాని ఎడంతో సహా ఒక పలకలో ఇమిడ్చారు. పలకలను పక్కపక్కన పేర్చితే చాలు, ఎడం అదే సరిపోతుంది. బోర్డు మీది కొలతలకు క్యాపిటల్ ‘ఐ’ గీత మందాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. చదివేవాడి గురించే కాదు, చేసేవాడి గురించి కూడా ఆలోచించిన పరిశోధన ఇది.

మరి బెన్సన్ ఫలితం మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. కొలిచి చూస్తే ఓడిన అక్షరాలను అందం పేరిట ఎంచుకున్నప్పుడు, పరీక్ష అంతా కంటితుడుపు కాదా? ఈ ఆక్షేపణలో బలం ఉంది. ఎంపికలో రూపం మీది ఇష్టానికి పాత్ర ఉందన్నది దాచిపెట్టే విషయం కూడా కాదు. కానీ ఆ పరీక్ష అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ఎంత దూరం? దానికి వచ్చిన జవాబు, తేడా ఉంది కానీ స్వల్పం అని. ఆ స్వల్పం అన్న మాటే విలువైనది. తేడా 30 శాతం అయి ఉంటే కిన్నీర్ అక్షరాలు ఎంత అందంగా ఉన్నా వాటిని పక్కన పెట్టాల్సిందే. 3 శాతం కాబట్టి, మిగతా బోర్డుతో అక్షరం ఎలా కలుస్తుంది, కొత్త రోడ్డుకు ఏ రూపం తగినది అనే ప్రశ్నల్ని బల్ల మీదకు తేవడానికి వీలు కలిగింది. పరిశోధన నిర్ణయం చేయదు. ఏ నిర్ణయం మనకు వదిలిపెట్టబడిందో చెబుతుంది. కిండర్‌స్లీ కూడా గుడ్డిగా వాదించినవాడు కాదు. చేతి పనిలోంచి వచ్చిన అనుభవంతో వాదించాడు, వాదనను పరీక్షకు పెట్టడానికి వెనకాడలేదు. ఈ కథలో నాకు ఆయన మీద గౌరవం ఏమాత్రం తగ్గదు.

కాల్వర్ట్ గీసిన బొమ్మల సంగతి తెచ్చి, అవి పరిశోధన కాదు, సొంత జ్ఞాపకాలు అనేవాళ్లూ ఉన్నారు. పశువులున్నాయని హెచ్చరించే బోర్డు మీది ఆవు ఆమె బంధువుల పొలంలోని ఆవేనన్నది, బడిపిల్లల బోర్డు మీది అమ్మాయిలో ఆమె చిన్నప్పటి పోలిక ఉందన్నది నిజమే. అయితే పాత బోర్డులో టోపీ పెట్టుకున్న ఒక పెద్ద అబ్బాయి చిన్న అమ్మాయిని నడిపించుకుపోతాడు, చూడగానే ఒక తరగతి వాళ్ల బడి గుర్తొస్తుంది. కాల్వర్ట్ దాన్ని తిప్పేసి, అమ్మాయి చేత చిన్న తమ్ముణ్ణి నడిపించింది. పాత బొమ్మ ఎవరిని పిల్లలుగా లెక్కిస్తోంది, ఎవరిని లెక్కించడం లేదు అని చూడగలగడం కన్నా నిశితమైన పరిశీలన ఏ ప్రశ్నావళిలో దొరుకుతుంది?

పరిశోధననూ గీతనూ కలిపే ఈ పనికి అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందే ఒక పేరు పెట్టినవాళ్లున్నారు. 1925లో వియన్నాలో ఓట్టో న్యూరాత్ ఒక సామాజిక, ఆర్థిక మ్యూజియం స్థాపించాడు. ఇళ్ల కొరత, జనాభా, పరిశ్రమల లెక్కల్ని మామూలు జనానికి బొమ్మల్లో చూపించడం దాని పని. తర్వాత ‘ఐసోటైప్’ అని పేరుపడిన పద్ధతి అదే. అంకె పెరిగితే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను ఎక్కువసార్లు వేయాలి అన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. అక్కడ ఒక వైపు గణాంకాల నిపుణులు, మరో వైపు గెర్డ్ ఆర్న్‌ట్స్ వంటి చిత్రకారులు. ఈ ఇద్దరి మధ్య మూడో మనిషి ఒకరుండేవారు, ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ట్రాన్స్‌ఫార్మర్’. నిపుణుడు తెచ్చిన లెక్కల్లో ఏది చెప్పదగ్గది, ఏది వదిలేయాలి, దేని పక్కన దేన్ని పెడితే చూసేవాడికి అర్థమవుతుంది అని తేల్చేది ఆ మనిషే. ఆ పనిలో ఆరితేరింది గణితం, భౌతికశాస్త్రం చదివి వచ్చిన మారీ రైడెమైస్టర్, తర్వాతి మారీ న్యూరాత్. ఆమె చేసింది పరిశోధనా, డిజైనా అని అడిగితే జవాబు చెప్పలేం. పట్టిక నుంచి కచ్చా స్కెచ్‌కు పెన్సిల్ కదిలేటప్పుడే ఆ రెండూ ఒకటవుతాయి. వియన్నా నుంచి హేగ్‌కు, 1940లో ఇంగ్లండుకు పారిపోవాల్సి వచ్చినా, 1945లో భర్త ఓట్టో పోయినా ఆమె ఆ పని వదల్లేదు. 1950లలో పశ్చిమ నైజీరియా ప్రభుత్వం కోసం పనిచేస్తూ అక్కడికి స్వయంగా వెళ్లింది. 1971లో ఆ సామగ్రి అంతా రెడింగ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. అందులోని కచ్చా స్కెచ్‌లు చూడటమే ఈ విషయంలో ఒక చదువు.

వృత్తిలో ఇలా ఉన్నది తరగతిలో ఎందుకు విడిపోయింది? బ్రిటన్ వరకు చూస్తే ఒక కారణం కాగితం మీదే ఉంది. 1960లో విలియం కోల్డ్‌స్ట్రీమ్ సంఘం కళాశాలల్లోని డిప్లొమాకు డిగ్రీ స్థాయి ఇవ్వాలని సూచిస్తూ, బోధనా కాలంలో సుమారు 15 శాతం కళాచరిత్రకు, అనుబంధ పాఠాలకు కేటాయించమంది. ఉద్దేశం మంచిదే. చేతిపని నేర్చినవాళ్లకు చదువుకున్నవాళ్లన్న గౌరవం దక్కాలన్నది దాని వెనక ఆశ. కానీ ఆలోచనకు ఒక గది, గీతకు ఒక గది కట్టినట్టయింది. సరిగ్గా అదే దశాబ్దంలో రెండో ప్రవాహం వచ్చింది. 1962లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో డిజైన్ పద్ధతుల మీద సదస్సు జరిగింది. 1964లో క్రిస్టఫర్ అలెగ్జాండర్ తన పుస్తకంలో మన గుజరాత్‌లోని ఒక పల్లెను ఉదాహరణగా తీసుకుని, దాని అవసరాలను 141గా విడగొట్టి, లెక్కల సాయంతో గుంపులు కట్టి చూపించాడు. డిజైన్‌కు ముందు పరిశోధన పూర్తికావాలి, అది అయిపోతే రూపం దానంతట అదే వస్తుంది అన్న నమ్మకానికి అదో శిఖరం. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అలెగ్జాండర్ ఆ పద్ధతుల ఉద్యమం నుంచి తప్పుకున్నాడు. పద్ధతిని పనితో ముడిపెట్టకుండా పద్ధతి కోసం పద్ధతిని చదవడం ఆయనకు నచ్చలేదు. విచిత్రమేమంటే మన కళాశాలల ఫైళ్లలో ఆయన కాదనుకున్న వరసే ఇంకా నడుస్తోంది, లెక్కలు మాత్రం లేవు.

రాతకు విలువ లేదని నా వాదన కాదు. ఏం చేశామో రాయలేని విద్యార్థి, ఎందుకు చేశాడో కూడా తరచుగా చెప్పలేడు. పన్నెండు వారాల ప్రాజెక్టులో వైమానిక స్థావరం, కారు, వేదిక ఎవరిస్తారన్న మాటా న్యాయమైనదే. దానికి జవాబు మన దేశపు డిజైన్ చదువు పుట్టుకలోనే ఉంది. 1958లో చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక నుంచే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. చెంబును మెచ్చుకుని ఊరుకోలేదు, దాన్ని తయారుచేయాలంటే అడగాల్సిన ప్రశ్నల్ని బారులుగా పేర్చారు. ఎన్ని నీళ్లు పట్టాలి, తల మీద మోస్తారా చంక మీదా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, ఖాళీ అయ్యాక ఎటు, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల చెయ్యి పెట్టి తోమడం వీలవుతుందా, లోపలిది వేడిగా ఉంటే పట్టుకోగలమా, దేనికైనా తగిలితే ఏం చప్పుడు చేస్తుంది, పాతబడ్డాక తుక్కుగా ఎంతొస్తుంది. ఈ ప్రశ్నలకు ప్రయోగశాల అక్కర్లేదు. చెంబు, నీళ్లు, ఒక పూట చాలు. ఏ ఒక్కరూ చెంబును డిజైన్ చేయలేదు కదా అన్న అభ్యంతరానికి ఈమ్స్‌ల జవాబు కూడా అదే: తరాల తరబడి ఎందరో కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారు. ప్రతి దిద్దుబాటూ ఒక పరీక్షే.

మన రోడ్ల మీది బోర్డుల దగ్గరకు వస్తే ఈ విషయం మరీ సూటిగా తగులుతుంది. బెన్సన్‌లో తేలిన ఫలితాన్ని తెలుగు బోర్డుకు తెచ్చుకోలేం. క్యాపిటల్సా, స్మాల్ లెటర్లా అన్న తగవే మనకు లేదు. సెరిఫ్ ఉండాలా వద్దా అన్నదీ లేదు, తలకట్టు మన అక్షరంలో భాగం. మన చిక్కులు వేరు. ద, ధ, థ మూడింటికీ ఒళ్లు దాదాపు ఒక్కటే. ఒకదానికి కింద చిన్న గీత, ఇంకోదానికి అదనంగా కడుపులో చుక్క. దూరం నుంచి ముందుగా మాసిపోయేవి ఆ గీత, ఆ చుక్కే. ప, వల మధ్య తేడా తలకట్టు దగ్గర కొద్దిపాటి సందు. కిన్నీర్ పలకల పద్ధతి తెలుగులో మొదటి పేరుతోనే చతికిలబడుతుంది: ‘సిద్దిపేట’లో ద వత్తు కిందకు దిగుతుంది, గుడి పైకి పోతుంది, ‘భద్రాచలం’లో ర వత్తు ద చుట్టూ ఎడమ నుంచి తిరిగి వస్తుంది. పక్కపక్కన పేర్చడానికి ఇవి బల్లపరుపు అక్షరాలు కావు. ఒకే ఎత్తు బోర్డులో ఇంగ్లీషు, తెలుగు రెండూ పెట్టాల్సి వచ్చినప్పుడు పైనా కిందా చోటు వదలాలి కాబట్టి చిక్కిపోయేది తెలుగు అక్షరం ఒళ్లే. అలా చిక్కిన అక్షరంలో ధ కింది గీత ఎన్ని మీటర్ల దాకా నిలుస్తుంది, థ కడుపులో చుక్కను ఎంత లావు చేస్తే వేగంలోనూ కనబడుతుంది, చేస్తే ఆ అక్షరం ఇంకా థగానే ఉంటుందా? ఒక విద్యార్థి పన్నెండు వారాల్లో నాలుగు సైజుల్లో ప్రింట్లు తీసి, ఒక ఖాళీ రోడ్డు, ఒక టేపు, పది మంది చదివేవాళ్లతో ఈ లెక్క తేల్చవచ్చు. తేలినదాన్ని బట్టి మళ్లీ గీయవచ్చు, మళ్లీ అదే రోడ్డు మీద నిలబెట్టి చూడవచ్చు.