అడగకుండానే చెప్పే చిరునామా: ఏఆర్‌పీ చరిత్రలో ఒక నియమం

మా జవహర్‌నగర్‌లో ఎవరైనా కొత్తగా అద్దెకు దిగితే, ఎవరూ అడగకపోయినా పాలవాడికీ పేపరు కుర్రాడికీ తామే ఫ్లాట్ నంబరు చెప్పివస్తారు. కంప్యూటర్ నెట్‌వర్కులోనూ ఇటువంటి ఆచారం ఉంది. దాని పేరు గ్రాట్యుయిటస్ ఏఆర్‌పీ.

ఈథర్‌నెట్ కార్డుకు 48 బిట్ల హార్డ్‌వేర్ చిరునామా ఉంటుంది. ఐపీ చిరునామా 32 బిట్లది. ఈ రెండింటినీ ముడిపెట్టే ఏఆర్‌పీ పద్ధతిని ఎంఐటీకి చెందిన డేవిడ్ ప్లమర్ 1982 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 826 అనే పత్రంలో వివరించారు. "ఈ ఐపీ ఎవరిది?" అని ఒక యంత్రం అందరినీ అడుగుతుంది. ఆ ఐపీ గల యంత్రం అడిగినవారికి మాత్రమే జవాబిస్తుంది.

ఆ పత్రంలో విద్యార్థులు తరచు దాటవేసే నియమం ఒకటుంది. సందేశం అందుకున్న యంత్రం, అది ప్రశ్నా జవాబా అని చూడకముందే, పంపినవారి ఐపీ తన పట్టికలో ఉంటే పాత హార్డ్‌వేర్ చిరునామాను తీసి కొత్తది రాసుకోవాలి. అంటే ఒక యంత్రం తన ఐపీ గురించి తానే ప్రశ్న వేసినా చాలు, ఇరుగుపొరుగు పట్టికలు మారిపోతాయి. దీనికి జవాబు రాకూడదు. వచ్చిందంటే అదే ఐపీని మరొకరు వాడుతున్నట్లే.

1996 అక్టోబరులో వచ్చిన మొబైల్ ఐపీ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 2002, ఈ వెసులుబాటును చక్కగా వాడుకుంది. కంప్యూటర్ సొంత నెట్‌వర్కు విడిచి వెళ్లినప్పుడు దాని తరఫున హోమ్ ఏజెంటు ప్రకటన చేసి, దానికి వచ్చే ప్యాకెట్లను తాను అందుకుంటుంది. తిరిగి వచ్చాక ఆ కంప్యూటరే మళ్లీ చాటుకుంటుంది.

అయితే చెప్పినవారు నిజమే చెప్పారని నమ్మకమేమిటి? ప్లమర్ పద్ధతిలో రుజువు అడిగే ఏర్పాటే లేదు. నేను పాఠం చెప్పిన ఒక ప్రయోగశాలలో ఒక విద్యార్థి పొరపాటున సర్వరు ఐపీనే తన యంత్రానికి ఇచ్చుకున్నాడు. సగంమందికి సర్వరు అందలేదు. పూటంతా తీగలు తడిమాం; ఏ తీగా తెగలేదు! ఇదే పని కావాలని చేస్తే ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటారు: ఇతరుల ప్యాకెట్లు మోసగాడి యంత్రానికి చేరతాయి.

2008 జూలైలో స్టువర్ట్ చెషైర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5227 పొరపాట్లకు మందు చెప్పింది. ప్రకటనకు ముందు, పంపినవారి ఐపీ స్థానంలో సున్నా ఉంచి విచారించాలి; అప్పుడు ఎవరి పట్టికా చెడదు. కావాలని చేసే మోసానికి ఆ మందు పనిచేయదు. అందుకే కొన్ని స్విచ్‌లు డీహెచ్‌సీపీ ఏ ఐపీని ఎవరికి ఇచ్చిందో గుర్తుంచుకుని, దానితో సరిపోలని ఏఆర్‌పీ సందేశాన్ని అక్కడే ఆపేస్తాయి. ఐపీవీ6లో ఏఆర్‌పీ లేదు. అడగని ప్రకటన మాత్రం నైబర్ అడ్వర్టైజ్‌మెంట్ పేరుతో అక్కడా ఉంది.