కార్ నికోబారులో పదుగురి ఇల్లు

బంగాళాఖాతమున అండమాను దీవుల దక్షిణాగ్రమును దాటి, నావికులు టెన్ డిగ్రీ ఛానెల్ అని పిలుచు లోతైన కడలిపాయకు ఆవల, పోర్టుబ్లెయిరునకు సుమారు 270 కిలోమీటర్ల దూరమున కార్ నికోబారు అను చదునైన పగడపు దీవి కలదు. దాని వైశాల్యము 127 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ముస్, మలక్కా, పెర్కా, కాకనా, అరోంగ్, సవాయి మొదలైన పదునైదు గ్రామములు తరతరములుగా ఆ తీరమునంటి, కొబ్బరితోపుల నడుమ వెలసియుండెను. దీవుల చరిత్రను వ్రాయువారు వచ్చిపోయిన ఓడలను, ఎగిరిన జెండాలను, చెరసాలలను లెక్కించుటయందే మిక్కిలి శ్రద్ధ చూపిరి. ఒక వృద్ధురాలి ఇంటికప్పు కారుచుండగా దానిని బాగుచేయుటకు ఎవరు వచ్చెడివారు, ఆమె వాకిట రాలిన మట్టలను ఎవరు ఏరెడివారు అను ప్రశ్న వారికి అల్పముగా తోచియుండును. ఒక జాతి నాగరికతను కొలుచుటకు అంతకంటె యోగ్యమైన ప్రశ్న వేరొకటి లేదని నా విశ్వాసము.

నికోబారు దీవులకు పరదేశీయుల రాక క్రొత్తది కాదు. రాజేంద్రచోళుని నౌకాదండయాత్రను కీర్తించు శాసనములలోనే నక్కవారమను పేర ఈ దీవులు కానవచ్చును. 1756లో డేన్లు తరంగంబాడినుండి వచ్చి వీనిని తమవిగా ప్రకటించిరి. 1768 మొదలు 1787 వరకు మొరేవియన్ మతప్రచారకులు నాన్‌కౌరిలో నివసింప యత్నించిరి. 1778లో ఆస్ట్రియావారును తమ జెండాను పాతిరి. మలేరియా జ్వరముల ధాటికి ఆ వలసలలో ఏదియు నిలువలేదు. 1869లో ఆంగ్లేయులు ఈ దీవులను స్వాధీనపరచుకొని నాన్‌కౌరిలో స్థాపించిన బందీనివాసము సైతము 1888లో మూతపడెను. వచ్చినవారి ఇండ్లు వారితోనే అంతరించెను. దీవివాసులగు నికోబారీల గడ్డి ఇండ్లు మాత్రము నిలిచెను. ఆ గడ్డి చిరకాలము మన్నునది కాదు. దానిని మరల మరల మార్చు చేతులు ఊరిలో ఎన్నడును కొరవడకుండుటయే ఆ ఇండ్ల మన్నికకు మూలము.

ఆ ఇంటి నిర్మాణము నిశితముగా పరిశీలింపదగినది. నేలనుండి నిలువెత్తు దూరమున గట్టికఱ్ఱ స్తంభములపై ఒక వర్తులాకారపు అరుగు, దానిపై నలువైపుల వంగి దిగు గుమ్మటము వంటి గడ్డికప్పు, గవాక్షములు లేవు, అరుగులో అమర్చిన తలుపు ద్వారా నిచ్చెనపై ఎక్కి లోనికి పోవలెను. ఎలుకలు పైకి ఎగబ్రాకకుండ స్తంభములకు గుండ్రని చెక్కబిళ్ళలను తొడుగుదురు. వాసములను మేకులతో కాక బెత్తముతో బిగింతురు. కనుకనే గాలి వీచినప్పుడు ఇల్లు కొంత ఊగునే గాని విరుగదు. ఇంటి క్రింది నీడలో పగటి విశ్రాంతి, పిల్లల ఆటలు, కొబ్బరికాయల నిలువలు. సంవత్సరములో అధికభాగము వానలు కురియు ఆ దీవిలో కప్పు చివుకుట సహజము. కావున ఇల్లు కట్టుట ఒకనాటితో ముగియు పని కాదు, తరము వెంట తరము నడుపవలసిన వ్రతము.

ఈ వ్రతమునకు ఆధారము తూహెత్ అను కుటుంబవ్యవస్థ. ఒక పూర్వుని సంతతివారు, వివాహముచే వచ్చి చేరినవారు కలసి ఒక తూహెత్. భూమియు, కొబ్బరిచెట్లును, పందుల మందలును దాని ఉమ్మడి సొత్తు. దాని పెద్ద ఆ సొత్తునకు యజమాని కాడు, పంపకము చూచు ధర్మకర్త. ఇట్టి ఏర్పాటులో వృద్ధుడైనవాడు తన ఇంటికి తానొక్కడే బాధ్యుడై మిగులుట యనునది పొసగదు. చెట్టెక్కలేని వృద్ధునకు కాయలు కోసి ఇచ్చుటయు, అడవినుండి బెత్తము తెచ్చి వదులైన కట్టులను బిగించుటయు, వాకిట మట్టలను ఏరి పందులకు కొబ్బరి వేయుటయు తూహెత్‌లోని యువకుల నిత్యకృత్యము. ఇల్లు కట్టునప్పుడును కప్పు మార్చునప్పుడును కుటుంబమువారితో పాటు ఊరివారును కూడెడివారు. కూలి యను మాట లేదు. పని చేయించుకొన్నవారు పందిమాంసముతో, కందమూలములతో, మొగలిజాతి పండ్ల పిండితో విందొనర్చెడివారు. నేడు చేయి కలిపినవాని ఇంటికి రేపు పదిచేతులు వచ్చును. అది దానము కాదు గనుక పుచ్చుకొన్న వృద్ధునకు తలవంపు లేదు. అది ఋణమును కాదు గనుక లెక్కవ్రాత లేదు.

మన తెలుగువారికి ఈ దృశ్యము పరాయిది కాదు. శ్రీకాకుళ విశాఖ తీరములందు, తుపాను గాలికి ఎదురొడ్డుటకై నేలను తాకునంతగా చూరు దించిన చుట్టిండ్లు నిన్నమొన్నటి వరకు ఊరూర నుండెను; వానకాలమునకు ముందు తాటాకు తెచ్చి ఇల్లు కప్పునప్పుడు ఇరుగుపొరుగువారు బదులుపనికి వచ్చెడివారు. ఆ తీరములనుండియే వలలు భుజముననిడుకొని పోయిన కుటుంబములు నేడు పోర్టుబ్లెయిరు జంగ్లీఘాట్ ప్రాంతమున స్థిరపడియున్నవి. 2011 జనగణనలో అండమాను నికోబారు దీవుల జనాభాలో నూటికి సుమారు పదుమూడుగురు తెలుగు మాతృభాషగా కలవారు. ఇట్లు పరాయివారు దీవులకు చేరినను, నికోబారీల భూమిని అన్యులు ఆక్రమింపకుండ 1956నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధన కాపాడుచున్నది. అందుచే వారి ఈ పరస్పర సహాయపు ఆచారము ఇరువదవ శతాబ్ది చివరి వరకు చెక్కుచెదరకుండెను.

1942 మొదలు 1945 వరకు జపానుసేనల ఆక్రమణలో నికోబారీలు వెట్టిచాకిరియు, చిత్రవధలును అనుభవించిరి. యుద్ధానంతరము చెల్లాచెదరైన గ్రామములను నిలబెట్టుటలో ముస్ గ్రామవాసియగు జాన్ రిచర్డ్‌సన్ అగ్రగణ్యుడు. ఆయన నికోబారీ భాషలోనికి క్రైస్తవ గ్రంథమును తెచ్చినవాడు, 1950లో బిషప్ పదవి నందినవాడు, తొలి లోకసభలో అండమాను నికోబారు దీవులకు ప్రతినిధిగా నియమింపబడినవాడు. క్రొత్త మతము, క్రొత్త పాఠశాల వచ్చినను తూహెత్ చెడలేదు. పూర్వము తీరమునందలి ఎల్పనమ్ అను ఊరుమ్మడి మైదానమున కలసిన జనమే ఆదివారమున చర్చియందును కలసెను.

2004 డిసెంబరు 26వ తేదీ ప్రాతఃకాలమున, క్రిస్మస్ పండుగ మరునాడు, సుమత్రా తీరమున పుట్టిన భూకంపమును వెన్నంటి వచ్చిన సముద్రము ఈ తీరగ్రామములను తుడిచిపెట్టెను. అండమాను నికోబారులందు మృతులును జాడలేనివారును కలసి మూడువేలకు పైబడిరి. ఎల్పనమ్ మైదానములు పోయెను. కొబ్బరితోపులలోనికి ఉప్పునీరు చొచ్చెను. గ్రేట్ నికోబారు కొననున్న ఇందిరా పాయింటు వద్ద భూమియే నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. కథలు తెలిసినవారు, వంశవృక్షము నోట పలుకువారు, కప్పు కట్టు విద్య చేతనున్నవారు అగు పెద్దలనేకులు ఒక్క ఉదయముననే పోయిరి.

తరువాతి కథ మరింత ఆలోచింపదగినది. సునామికి పూర్వమునుండియు ఆ దీవులను పరిశోధించుచున్న సిమ్రన్ సింగ్ మొదలగువారు వ్రాసినదాని ప్రకారము, నికోబారీలలో పలువురు కోరినది గొడ్డండ్లు, కత్తులు, రంపములు. తమ ఇండ్లను తాము కట్టుకొనగలమని వారి ధైర్యము. అధికారులు మొదట రేకుల తాత్కాలిక శిబిరములను, పిమ్మట సముద్రమునకు దూరముగా వేల సంఖ్యలో శాశ్వత గృహములను కట్టించిరి. ఆ యత్నము వెనుకనున్న సానుభూతిని నేను శంకింపను. నిలువనీడ లేని ప్రజకు శీఘ్రముగా నీడ కల్పింపవలసియుండెను. ఐనను ఆ ఇండ్ల ఉక్కును రేకులును ప్రధాన భూభాగమునుండి ఓడలపై వచ్చెను; ఇంటిని తూహెత్‌కు గాక భార్యాభర్తలు పిల్లలు గల చిన్న కుటుంబమునకు కేటాయించిరి; నష్టపరిహారపు ధనమును వేర్వేరు పేరుల పంచిరి. వంద చేతుల ఉమ్మడి ఇల్లు ఒక పేరు వ్రాసిన గది యయ్యెను.

ఇక్కడనే నా వాదమునకు కీలకమున్నది. బెత్తము వదులైనచో బిగించు విద్య ఊరిలో ప్రతి చేతికిని తెలియును. తుప్పుపట్టిన రేకునకు బదులు రేకు ఊరి అడవిలో మొలవదు. అది ఓడపై రావలెను, దానికి డబ్బు కావలెను, దరఖాస్తు కావలెను. పొరుగువాని ఆప్యాయత ఎంతటిదైనను, అతని చేతికి తెలియని వస్తువును అతడు బాగుచేయలేడు. మానవుల పరస్పర సహాయము హృదయములపై మాత్రమే ఆధారపడునని మనము తలంతుము. అది ఇంటి సామగ్రిపై, భూమి హక్కుపై, పని విద్యపై అంతే ఆధారపడును. ఈ మూడింటిని తీసివైచి, పూర్వపు సంఘీభావము ఏమాయెనని ప్రజలను నిందించుట న్యాయము కాదు.

తూహెత్ నేటికిని నశింపలేదు. దీవి భూమి నికోబారీలదిగనే యున్నది. ఊరిపెద్దలగు గ్రామ కెప్టెన్లును గిరిజన మండలియు ఊరి వ్యవహారములను నడుపుచున్నారు. కావున తీరవాసులకు తిరిగి ఇండ్లు కట్టింపవలసిన దినము ఎన్నడు వచ్చినను, అది నికోబారులో కానిండు, మన దివిసీమలో కానిండు, పాలకులు ముందుగా ఊరి పెద్దలను పిలిచి, ఈ ఇంటికప్పు పదేండ్ల పిమ్మట ఎవరి చేతులతో మారునని అడుగవలెను. ఆ చేతులు ఊరిలోనివే ఐనచో పనిముట్లు, కలప, కొంత ధాన్యము ఇచ్చిన చాలును. తక్కినది ఊరే చేసికొనును, అందు వృద్ధులు ఎవరి దయకును చేయిచాపనక్కరలేదు.