బట్టల కొట్టులో పుట్టిన వైద్య పరికరం

డాక్టర్ల బల్ల మీద మైక్రోస్కోపుకు ఇవాళ పెద్దపీటే. దాన్ని అక్కడిదాకా తెచ్చినవాళ్లలో మాత్రం ఒకరు బట్టల వ్యాపారి, ఇంకొకరు ద్రాక్షసారా వ్యాపారి.

హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌లో లేవెన్‌హుక్‌ది బట్టల కొట్టు. నేతలో పోగులు చూడటానికి ఆ వ్యాపారులు భూతద్దం వాడేవారు. ఆయన అంతటితో ఆగలేదు. బుల్లి గాజు కటకాన్ని రెండు రేకుల మధ్య బిగించి, చూడాల్సినదాన్ని సూది మొన మీద పెట్టి, కంటికి ఆనించుకుని చూసేవాడు. 1674లో ఎర్ర రక్తకణాలను వర్ణించాడు. 1683లో తన పళ్ల పాచి గీకి వాననీటిలో కలిపి చూస్తే, చురుగ్గా కదిలే జీవాలు! జన్మలో పళ్లు తోమని ఓ ముసలాయన పాచినీ వదల్లేదు. అన్నీ లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాల్లో రాశాడు. జనం వింతగా చెప్పుకున్నారే తప్ప, రోగి మంచం దాకా ఆ సంగతి రాలేదు.

వైద్యుల్లో మాల్పీఘీ లాంటివాళ్లు లేకపోలేదు. 1661లో ఆయన కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలు చూసి, ఇంగ్లిష్ వైద్యుడు హార్వే రక్తప్రసరణ సిద్ధాంతంలో మిగిలిపోయిన ఖాళీని, అంటే ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా చేరుతుందన్నదాన్ని, పూరించాడు. జ్వరంతో మూలుగుతున్నవాడికి మాత్రం దానితో ఒరిగిందేమీ లేదు.

తప్పంతా వైద్యులదే అనలేం. రెండు మూడు కటకాలు పేర్చిన ఆనాటి మైక్రోస్కోపుల్లో ప్రతి వస్తువు అంచునా రంగులు కమ్మేవి, బొమ్మ మసకబారేది. కణజాలాల అధ్యయనానికి పునాది వేసిన ఫ్రెంచి వైద్యుడు బిషా సైతం మైక్రోస్కోపును నమ్మలేదు.

చిక్కు విప్పింది లండన్ ద్రాక్షసారా వ్యాపారి జోసెఫ్ జాక్సన్ లిస్టర్. కటకాల జతల్ని ఎంత ఎడంలో పెడితే ఒకదాని దోషాన్ని ఇంకొకటి కొట్టేస్తుందో 1830లో తేల్చాడు. అంతకు ముందే, 1827లో, డాక్టర్ హాడ్జ్‌కిన్‌తో కలిసి ఎర్ర రక్తకణం బంతి కాదనీ, రెండు వైపులా నొక్కుకుపోయిన బిళ్ల అనీ చూపించాడు. (శస్త్రచికిత్సలో క్రిమిసంహారక పద్ధతి తెచ్చిన లిస్టర్ ఈయన కొడుకే.)

ఆ తర్వాత పరుగే. 1882లో జర్మన్ వైద్యుడు కోక్ క్షయ క్రిమికి రంగు పట్టించి బెర్లిన్‌లో చూపించాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. అప్పటికి ఆయన మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి కటకమూ బీటలు వారింది. కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనూ పంకా వద్దన్నాడు. వాటి చేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది.