ఆకలే మందైన రోజులు

చక్కెర జబ్బు పెద్దవాళ్ళకే అనుకుంటాం. 1919లో అమెరికాలో ఎలిజబెత్ హ్యూస్‌కి వచ్చినప్పుడు 11 ఏళ్ళు. అప్పటికి ఇన్సులిన్ లేదు. డాక్టర్ అలెన్ వైద్యమల్లా పిల్లను ఆకలితో ఉంచడమే. తిండి తగ్గించినకొద్దీ ఆయుష్షు నాలుగు రోజులు సాగేది. కూరగాయలు కూడా మూడుసార్లు ఉడికించి, నీళ్ళు పారబోసి పెట్టేవారట. "ఇంకో ముద్ద తినమ్మా" అని వెంటపడే మనకి, ఆ తల్లి ఎలా తట్టుకుందో ఊహకే అందదు. తండ్రి ఆ దేశానికి విదేశాంగ మంత్రి. మందే లేనప్పుడు హోదా ఏం చేస్తుంది?

1921లో టొరంటోలో బాంటింగ్ బృందం ఇన్సులిన్ కనిపెట్టింది. మరుసటి ఆగస్టులో తల్లి ఆంటోనెట్ అక్కడికి తీసుకెళ్ళేసరికి, 15 ఏళ్ళు నిండబోతున్న ఆ పిల్ల బరువు 20 కిలోలు! కొన్ని వారాలకే బ్రెడ్డు తిన్నది. ఏం తిన్నదీ అమ్మకు సంబరంగా ఉత్తరాల్లో రాసేది. తర్వాత పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది, 73 ఏళ్ళు బతికింది.