ఆంగ్ల సంభాషణ పరీక్షాభ్యాసము

ఐ.ఇ.ఎల్.టి.ఎస్., టోఫెల్, పి.టి.ఇ., ఓ.ఇ.టి. వంటి ఆంగ్ల భాషా పరీక్షలలో స్పీకింగు అని పిలువబడే సంభాషణ విభాగము కొరకు చేసే సాధనను ఆంగ్ల సంభాషణ పరీక్షాభ్యాసము అనవచ్చును. విదేశాలలో చదువుకు, ఉద్యోగానికి, నివాసానికి వెళ్ళదలచిన వారు ఈ పరీక్షలు వ్రాస్తారు. ఆంధ్ర ప్రదేశ్‌లో విజయవాడ ఇటువంటి శిక్షణకు ఒక ముఖ్య కేంద్రము. ఎన్టీఆర్ జిల్లా, ఇబ్రహీంపట్నం మండలములోని కొండపల్లి వంటి సమీప ఊళ్ళ విద్యార్థులు శిక్షణకు, పరీక్షకు ఇక్కడికే వస్తారు. (2022 వరకు కొండపల్లి కృష్ణా జిల్లాలో ఉండేది.) ఇంటిలోను, వీధిలోను తెలుగే మాట్లాడే విద్యార్థికి నాలుగు విభాగాలలో సంభాషణయే తరచు కష్టముగా తోచుతుంది.

చరిత్ర

భాషా పరీక్ష కొరకు మాటలాడుట నేర్చుకొనడం తెలుగునాట మొదట తెలుగు నేర్చిన ఆంగ్లేయుల విషయములో కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ యువ ఉద్యోగులకు దక్షిణ భారత భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడినది. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఇక్కడనే తెలుగు అభ్యసించి పరీక్షలో ఉత్తీర్ణుడై కడపలోను, తరువాత మచిలీపట్నంలోను పనిచేశాడు. కృష్ణా తీరములో తెలుగువారికి ఆంగ్ల విద్య నేర్పిన తొలి సంస్థలలో ఒకటైన నోబుల్ పాఠశాల 1843లో మచిలీపట్నంలో మొదలై, తరువాత నోబుల్ కళాశాల అయినది.

నేటి పరీక్షలలో టోఫెల్ 1964లో ప్రారంభమైనది. 2005లో వచ్చిన ఇంటర్నెట్ పద్ధతిలో సంభాషణ అందరికీ తప్పనిసరి విభాగమైనది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. 1989లో మొదలైనది. దాని సంభాషణ పరీక్షకు నేటి మూడు భాగాల రూపము 2001లో వచ్చినది. పి.టి.ఇ. అకడమిక్ 2009లో ప్రారంభమైనది.

పరీక్ష స్వరూపము

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. సంభాషణ పరీక్ష 11 నుండి 14 నిమిషాలు జరుగుతుంది. అభ్యర్థి పరీక్షకునితో ముఖాముఖిగా గాని, వీడియో ద్వారా గాని మాట్లాడతాడు. సంభాషణ అంతా రికార్డు చేయబడుతుంది. మొదటి భాగములో ఊరు, ఇల్లు, చదువు, అభిరుచులు వంటి పరిచిత విషయాలపై ప్రశ్నలు ఉంటాయి. రెండవ భాగములో ఒక అంశము వ్రాసిన కార్డు ఇస్తారు. ఒక నిమిషము ఆలోచించుకొని, కాగితముపై గుర్తులు వ్రాసుకొని, ఒకటి నుండి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మూడవ భాగములో అదే అంశానికి సంబంధించిన విస్తృత విషయాలపై చర్చ జరుగుతుంది.

ధారాళత మరియు పొందిక, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణ అను నాలుగు ప్రమాణాలకు సమాన విలువ ఇచ్చి 0 నుండి 9 వరకు బ్యాండు నిర్ణయిస్తారు. ఓ.ఇ.టి. వైద్యరంగము వారికి ఉద్దేశించినది. ఇందులో అభ్యర్థి నర్సుగానో, వైద్యునిగానో రోగి పాత్రధారితో రెండు సంభాషణలు జరపాలి. పి.టి.ఇ. లో ఎదుట మనిషి ఉండడు, అభ్యర్థి మైకులో మాట్లాడాలి. అక్కడ మూడు సెకన్లు మౌనముగా ఉంటే రికార్డింగు ఆగిపోతుంది.

ప్రాధాన్యత

మొత్తము బ్యాండు బాగున్నా, సంభాషణలో అర బ్యాండు తక్కువైతే అవకాశము చేజారవచ్చును. ఉదాహరణకు బ్రిటన్ నర్సింగు మండలి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ద్వారా వచ్చే నర్సుల నుండి సంభాషణలో కనీసము 7 కోరుతుంది. 6.5 వచ్చిన నర్సు, మిగిలిన విభాగాలలో 8 సాధించినా, ఆ ఫలితముతో నమోదు కాలేదు. ఫలితము రెండేళ్ళు మాత్రమే చెల్లుతుంది. మళ్ళీ పరీక్ష వ్రాయాలంటే మళ్ళీ రుసుము కట్టాలి. అప్పు చేసి పిల్లలను పంపే కుటుంబాలకు ఇది చిన్న విషయము కాదు.

తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బందులు

తెలుగు అజంత భాష, అనగా మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుచేత బస్, కార్, పెన్ అను మాటలు మనకు బస్సు, కారు, పెన్ను అయినవి. తెలుగు వాక్యములో ఇది అందమే గాని, ఆంగ్ల వాక్యములో ప్రతి మాటకు చివర ఉకారము చేరితే వినేవారికి అర్థము కావడం కష్టము. భూతకాల క్రియలను స్పెల్లింగును బట్టి పలకడం మరొక అలవాటు. 'ఆస్క్‌ట్' అని ముగియవలసిన మాటను 'ఆస్కెడ్' అంటారు. మాట మొదటి ఎకారానికి యకారము, ఒకారానికి వకారము చేరి 'యెగ్', 'వొన్లీ' అవుతాయి. పడమరకు, లోపల తొడిగే బనియనుకు ఆంగ్లములో వేరు వేరు ఉచ్చారణలుండగా మనము రెండింటినీ 'వెస్ట్' అనే పలుకుతాము. ఆంగ్లములో మాటలోని ఒక అక్షరము నొక్కి పలుకబడుతుంది. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి భాగము, 'ఫొటోగ్రఫీ'లో రెండవ భాగము నొక్కి పలకాలి. తెలుగులో ఇటువంటి ఊనికకు అర్థభేదము లేదు కనుక చాలామంది దీనిని గమనించరు.

వాక్య నిర్మాణములోను తెలుగు ఛాయ కనిపిస్తుంది. 'పదేళ్ళ నుండి ఇక్కడ ఉంటున్నాను' అను భావము 'ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ టెన్ ఇయర్స్' అని వస్తుంది. 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనుట సరియైనది. 'కదా' అను మాటకు బదులు ప్రతి వాక్యము చివర 'ఈజిన్ట్ ఇట్' చేర్చడము, 'ఐ హావ్ టూ బ్రదర్స్' అనవలసిన చోట 'ఐ యామ్ హావింగ్' అనడము కూడా ఇట్టివే.

అభ్యాస పద్ధతులు

పరిచిత విషయముతో మొదలుపెట్టడం మేలు. 'మీ ప్రాంతపు హస్తకళను వర్ణించండి' అని కార్డు వచ్చినదనుకొందాము. కొండపల్లి విద్యార్థికి బొమ్మల సంగతి చిన్ననాటి నుండి తెలుసు. తెల్లపొణికి కర్రను చెక్కడము, భాగాలను అతికించి చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో మెత్తడము, ఆరిన తరువాత రంగులు వేయడము, దశావతారాలు, ఏనుగు అంబారీ వంటి బొమ్మలు - ఇవన్నీ తెలుగులో గడగడా చెప్పగలడు. ఆంగ్లములో 'తెల్లపొణికి' దగ్గరనే ఆగిపోతాడు.

ఇక్కడ ఆగనక్కరలేదు. 'మా కొండలలో పెరిగే మెత్తని, తేలికైన కర్ర' అని సులభమైన ఆంగ్ల మాటలలో చెప్పితే చాలును. మాట తెలియని చోట వివరణతో భావము తెలుపగలగడం పదసంపద ప్రమాణములో గుణముగానే లెక్కించబడుతుంది. ఒక నిమిషపు వ్యవధిలో పూర్తి వాక్యాలు వ్రాయక 'ఏమిటి, ఎక్కడ, ఎలా, ఎందుకు ఇష్టము' అను నాలుగు గుర్తులు మాత్రమే వ్రాసుకోవాలి. తరువాత మూడవ భాగానికి సాధనగా 'యంత్రముపై చేసిన బొమ్మలు చౌకగా దొరికితే చేతిపనివారి గతి ఏమిటి?' వంటి ప్రశ్నలపై కారణములతో అభిప్రాయము చెప్పాలి.

ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసుకొని, తిరిగి విని, చెప్పినది చెప్పినట్లు కాగితముపై వ్రాసుకొనుట ఖర్చు లేని మంచి పద్ధతి. ఒకసారికి రెండు మూడు తప్పులు మాత్రమే సరిదిద్దుకొని, అదే అంశము మళ్ళీ చెప్పాలి. ఇద్దరు విద్యార్థులు పరీక్షకుడు, అభ్యర్థి పాత్రలను మార్చుకొంటూ గడియారము పెట్టుకొని సాధన చేయవచ్చును.

అపోహలు

బ్రిటిషు, అమెరికా యాస అనుకరించాలన్నది అపోహ. స్పష్టముగా అర్థమయితే ఏ యాసయైనా అంగీకారమే. వేగముగా మాట్లాడడమే ధారాళత అనుకొనుట కూడా పొరపాటు. ప్రశ్న అర్థము కానప్పుడు మళ్ళీ చెప్పమని అడగడం తప్పు కాదు. పరీక్షకులు అభిప్రాయపు మంచిచెడ్డలకు కాక భాషకే మార్కులిస్తారు. కంఠపాఠము చేసిన సమాధానాలను గుర్తించడానికి వారికి శిక్షణ ఉంటుంది. అట్టి సమాధానాల వలన బ్యాండు తగ్గుతుంది.

ప్రభుత్వ పాఠశాలలలో

2023 జూన్‌లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము టోఫెల్ నిర్వహించే ఇ.టి.ఎస్. సంస్థతో ఒప్పందము చేసికొని, ప్రభుత్వ పాఠశాలలలో 3 నుండి 5 తరగతులకు టోఫెల్ ప్రైమరీ, పై తరగతులకు టోఫెల్ జూనియర్ శిక్షణ ప్రవేశపెట్టినది. 2024లో ప్రభుత్వము మారిన తరువాత ఈ కార్యక్రమము నిలిచిపోయినది. ఈ విద్యార్థులు పెద్దయిన తరువాత విదేశీ చదువు కోరితే, సంభాషణ సాధన మళ్ళీ ప్రైవేటు శిక్షణ మీదనో, స్వయంకృషి మీదనో ఆధారపడి ఉంటుంది.